తేట వంచొద్దు

మొన్న సోమవారం పొద్దున మా ప్లాంటులో సరుకు దింపే డాక్‌లోకి ఒక ట్యాంకర్ వచ్చి ఆగింది. మిషిగన్‌లో చలి ఇంకా బొటనవేలే పెట్టింది, కాలు పూర్తిగా మోపలేదు. డ్రైవర్ కొత్తవాడు. కుర్రవాడు, మెడ మీద పచ్చబొట్టు, టెనెసీ వైపు యాస. దిగి, నాకు గుడ్‌మార్నింగ్ చెప్పి, కుడిచేతి గ్లవ్ తీశాడు. మనం పిల్లలకి జ్వరం చూసినట్టు, చేతి వెనక వైపుతో ట్యాంకర్ పొట్టని ఒక్కసారి తాకాడు. తర్వాత నావైపు తిరిగి చాలా సీరియస్‌గా, "టేటా వాంచొడ్డు, మ్యామ్" అన్నాడు.

నేను శాంపిల్ సీసా పక్కన పెట్టేశాను.

"ఏమన్నావు?" అని అడిగాను ఇంగ్లీషులో.

"ట్యాంకర్‌కి హోస్ గొట్టం తగిలించే ముందు అలా అనాలి మ్యామ్. మా కంపెనీలో అందరం అంటాం."

"అది ఏ భాషో తెలుసా?"

"భాషా?" అని వాడు నోరు తెరిచాడు. "నేనేదో కెమికల్ పేరనుకున్నాను."

నవ్వు ఆగలేదు. కళ్లల్లో నీళ్లూ ఆగలేదు. వాడు పాపం కంగారుపడి, తప్పుగా పలికానా అని అడిగాడు. తప్పేం లేదు నాయనా, నువ్వు చెప్పినంత స్పష్టంగా మా అమ్మాయి కూడా చెప్పలేదు అన్నాను. ఆ మాట మొదట అన్న మనిషిని వాడు చూడలేదు, ఇక చూడలేడు కూడా. పోయిన వేసవిలో ఫ్రిస్కోలో, కూతురింట్లో, ఆవిడ పోయింది. చలికాలమంటే పడిచచ్చే మనిషి టెక్సస్ ఎండల్లో పోవడమేమిటని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆవిడ ద్రవ రసాయనాలని ట్యాంకర్లలో మోసే ట్రక్కింగ్ కంపెనీలో డిస్పాచర్. ఏ బండి ఎక్కడుంది, ఎప్పుడు చేరుతుంది, లోపల సరుకు ఎంత వేడిలో ఉంది అన్నది చూసుకోవడం ఆవిడ పని. నేను కార్ల రంగుల్లోకి వెళ్లే రెజిన్ తయారుచేసే ప్లాంటులో ల్యాబ్ చూస్తాను. వచ్చిన ప్రతి లోడ్ నుంచి శాంపిల్ తీసి, పరీక్షచేసి, నేను సరే అంటేనే ఆ సరుకు దిగాలి. అలా ఫోన్‌లో తగిలాం ఒకరికొకరం. తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" అని కదా. ఆవిడ నా పేరు వినగానే ఇంగ్లీషు గట్టున పెట్టేసి, "ఏమ్మా, మీ డాక్‌లో ఎంతుంది?" అంది. ఎంతుందంటే డిగ్రీలు. తనది కాకినాడ అని నాకు తెలియడానికి రెండు చలికాలాలు పట్టింది.

హలో అనే మాట ఆవిడ దగ్గర లేదు. ఫోన్ ఎత్తితే "ఎంతుంది?" అన్నదే పలకరింపు. పండక్కి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికొచ్చినా గుమ్మంలోనే, "మీ గరాజ్‌లో ఎంతుందే?" అనేది. వేడి కాసరోల్, మజ్జిగ గ్లాసు, పిల్లల నుదురు, కొత్తగా పెళ్లయిన వాడి భుజం, అన్నీ చేతి వెనక వైపుతో తాకి చూడాల్సిందే. ట్యాంకర్లని కూడా అంతే. నిజానికి ట్యాంకర్‌కి పైన రేకు, దాని కింద మందపాటి పొర, ఆ లోపలెక్కడో అసలు తొట్టి. బయట తాకితే ఏమీ తెలియదు. పైగా రసాయనాల దగ్గర గ్లవ్ తియ్యడం తప్పు. ఆ మాటే ఎన్నోసార్లు గొడవపడి చెప్పాను.

"లోపల ఎంతుందో చెప్పడానికి థర్మామీటర్ ఉందిగా అక్కా. బయట తాకితే నీకేం తెలుస్తుంది?"

"నాకెందుకే తెలియడం? దానికి తెలుస్తుంది, మనిషొచ్చిందని."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం!

చలికాలం వస్తోందంటే ఆవిడకి పూనకం. మిగతా ఆంటీలకి పెళ్లిళ్ల సీజన్ ఉంటే ఆవిడకి గడ్డకట్టే సీజన్. మొదటి మంచు కబురు రాగానే ఫోన్ మోగేది. "వచ్చేసిందే! మన సీజన్ వచ్చేసింది! ఇవాళ్టి నుంచి ఒక్కోటీ బాలింతే!" అని అరిచేది. ట్యాంకర్లని ఆవిడ బాలింతలనేది. వేసవిలో ఎలా తిరిగినా ఫరవాలేదు, చలికాలంలో మాత్రం ప్రతి బండికీ పథ్యం ఉండాలి. ఎదురుగాలికి నిలబెట్టకూడదు. ఒళ్లు చల్లబడనివ్వకూడదు. చల్లబడితే మాత్రం ఒక్కసారిగా వేడి పెట్టకూడదు. గాలి ఆడుతూ ఉండాలి. కాకినాడలో ఏ మంత్రసానైనా ఈ నాలుగు ముక్కలు చెబుతుంది, ఇక్కడ అదే చెప్పడానికి వీళ్లు నాకు జీతమిస్తున్నారే అని పకపకా నవ్వేది. ఆ నవ్వు వెనక గొప్పలు కూడా బోలెడు. వినయం ఆవిడ ఛాయలకి రాలేదు. "నా అంత డిస్పాచర్ ఈ చుట్టుపక్కల లేదు, కావాలంటే అడుగు" అనేది. ఎవరిని అడగాలో చెప్పేది కాదు. ఎవరినీ మాట పూర్తి చెయ్యనిచ్చేది కాదు. పులిహోరలో ఉప్పు రెండింతలు వేసేది. కారు ఎలా నడిపేదో రాస్తే ఆవిడ ఆత్మ శాంతించదు కాబట్టి రాయను.

పిల్లలు ఆవిడని ట్యాంకర్ ఆంటీ అనేవాళ్లు. ఏ పుట్టినరోజు పార్టీకి వచ్చినా కేకు కోయడం అయ్యీ అవకముందే చుట్టూ చేరేవాళ్లు. "ఆంటీ, ట్యాంక్ స్టోరీ! ప్లీజ్, ఆంటీ, ట్యాంక్ స్టోరీ చెప్పు!" ఆవిడ ఒక ప్లాస్టిక్ నీళ్లసీసా తెప్పించి, సగం వేడినీళ్లు పోసి, మూత బిగించి, వెనక వాకిట్లో మంచులో గుచ్చేది. పిల్లలందరూ అద్దం తలుపుకి ముక్కులు ఆనించి చూస్తుండేవాళ్లు. కాసేపటికి ఆ సీసా ఎవరో పిండినట్టు టపటపమని లోపలికి నొక్కుకుపోయేది.

"చూశారా! పెద్ద స్టీలు ట్యాంకర్ కూడా ఇంతే. పైనున్న గాలి రంధ్రం మీద మంచు పేరుకుందనుకోండి. లోపల సరుకు కిందికి దిగిపోతూ ఉంటుంది, పైనుంచి గాలి రాదు. అప్పుడేమవుతుంది? మజ్జిగ ప్యాకెట్ అయిపోతుంది!"

"నో వే! నిజంగానా ఆంటీ? మళ్లీ చెయ్యి, మళ్లీ చెయ్యి!"

"అందుకే ముందు దాని ముక్కు చూడాలి. ఊపిరాడుతోందా లేదా అని. అర్థమైందా?" అని ఒక్కొక్కరి ముక్కూ పట్టుకుని లాగేది. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్లమ్మ ఇప్పటికీ ట్యాంకర్ ఆంటీనే తిట్టుకుంటుంది, డాక్టరవ్వాల్సినవాడు పాడైపోయాడని.

ఇంకొక్క అలవాటు చెప్పి అసలు రోజులోకి వస్తాను. చలికాలంలో తన బండ్లలో ఏ ఒక్కటైనా సరుకు దింపుకోకుండా ఆగి ఉందంటే ఆవిడ మధ్యాహ్నం డబ్బా తెరిచేది కాదు. డబ్బాలో ఎప్పుడూ ఒకటే, పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు. డ్రైవర్ ఫోన్ చేసి "ఎంప్టీ" అన్నాకే చెంచా తీసేది. "బండి దిగితేగానీ నా ముద్ద దిగదే" అనేది. ఉపవాసాల్లేవు, నోములు లేవు, గుడికి వెళితే ప్రసాదం కోసమే వెళ్లేది. ఇది మాత్రం ఎంత చెప్పినా మానలేదు.

ఇక ఆ రోజు.

జనవరి. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ కంపెనీ ట్యాంకర్ ఒకటి టెక్సస్ వైపు గల్ఫ్ తీరం నుంచి మాకు ఆక్రిలిక్ ఆసిడ్ తెచ్చింది. దారిలో మంచుకి రోడ్డు మూసేస్తే ఆగి ఆగి వచ్చింది. మా తొట్టి నిండుగా ఉంది, దింపుకోవడానికి చోటు లేదు. వెచ్చగా ఉండే లోపలి షెడ్‌లో పెట్టమని ఆవిడ ఫోన్‌లో నెత్తీనోరూ బాదుకుంది. షెడ్‌లో వేరే బండి ఉందని మా మేనేజరు దీన్ని బయట యార్డులో, గాలికి ఎదురుగా నిలబెట్టించాడు. శని, ఆదివారాలు ల్యాబ్ సెలవు, మంచు ఒకటే దంచింది.

సోమవారం పొద్దున నేను పైకెక్కి మూత తెరిచి చూశాను. ఈ ఆసిడ్ మనం స్వెట్టర్ వేసుకునే పాటి చలికే పేరుకుంటుంది. గోడల వెంట తెల్లగా గడ్డ, అడుగున తెల్లగా గడ్డ, నడిమధ్యన మాత్రం నీళ్లలా తేట. అచ్చం డిసెంబర్లో మా వంటింటి నెయ్యి గిన్నె.

పక్కనే నిచ్చెన మీద శ్రీకాంత్ ఉన్నాడు. ప్రొడక్షన్ చూసే అబ్బాయి, నల్గొండ వైపు, నెమ్మదస్తుడు. సెలవుల్లోనూ లైన్ నడుస్తూనే ఉండి మా తొట్టి అడుగంటింది, రాత్రి నుంచి రెజిన్ ఉడికే రియాక్టర్లూ ఖాళీ అవుతున్నాయి. మధ్యాహ్నానికి ఈ సరుకు అందకపోతే లైన్ ఆగిపోతుంది.

"అక్కా, నడుమల అంతా తేటనే ఉంది చూడుండ్రి" అన్నాడు. "పైనుంచి పైపు ఏసి గంతవరకు గుంజుకుందాం. ఇయ్యాల్టి బ్యాచ్ ఎల్లిపోతది. మిగిలింది నిమ్మలంగ కరగబెట్టుకోవచ్చు. ఇంట్ల నెయ్యి గట్టిపడితే మనం చేసేది గదే గదా?"

గదే. ఏ తెలుగింట్లో చూసినా అదే. అన్నం వడ్డించి ఉంటుంది, పొయ్యి పక్కన పెట్టిన గిన్నెలో సగమే కరిగి ఉంటుంది, గిన్నె వంచి తేటంతా పప్పులో పోసుకుంటాం. గడ్డ సంగతి రేపు చూద్దాంలే అనుకుంటాం. శ్రీకాంత్ అదే ఇంగ్లీషులో చెప్తే మేనేజరుకి ఎంతో నచ్చింది. హోస్ తెమ్మన్నాడు. నాకు మాత్రం ఎక్కడో మెలిక ఉందనిపించింది. పేరుకున్న సరుకుని నేను సరే అనడమెలా? కిందికి దిగి ఆవిడకి ఫోన్ చేశాను.

"ఎంతుంది?"

చెప్పాను. సగం పేరుకుందని, నడుమ తేటగా ఉందని, తేట తోడుకుందామంటున్నారని చెప్పాను. అవతల కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు.

"హోస్ తగిలించారా?"

"ఇంకా లేదక్కా."

"తగిలించనివ్వకు. నేను బయల్దేరాను. తేట వంచొద్దు! వింటున్నావా? తేట వంచొద్దు!"

గంట దారి. ఆవిడ ఎంతలో వచ్చిందో అడగకండి. డొక్కు వ్యాన్ గేటు దగ్గర జారుకుంటూ అడ్డంగా ఆగింది. అందులోంచి ఎర్ర మంకీ క్యాప్, దాని మీద హార్డ్ హ్యాట్, చలికోటు మీద బొంత లాంటి శాలువా, కాళ్లకి ఇనప బూట్లు. మమ్మల్నెవరినీ చూడలేదు. నేరుగా ట్రక్కు ముందుభాగానికి వెళ్లి పిడికిలితో తలుపు దబదబా బాదింది. లోపల డ్రైవర్, తెల్లగడ్డం పెద్దాయన, మంచి నిద్రలో ఉన్నాడు. అతను అక్కడున్నాడన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఆయన్ని దింపి, చేతిలో టీ ఫ్లాస్కూ పులిహోర పొట్లమూ పెట్టి, డాక్‌కి దూరంగా ఉన్న క్యాంటీన్‌కి తోలేసింది. అప్పుడు తిరిగింది మావైపు.

"బాలింతని వరండాలో పడుకోబెట్టారా!"

మేనేజరుకి తెలుగు రాదు గానీ తిట్లు ఏ భాషలోనైనా అర్థమవుతాయి. ఆయన గొంతు పెంచి, సరుకు మాది, దించుకునేదీ మేమే, మీ పని అయిపోయింది అన్నాడు. ఆవిడ డాక్ మూలనున్న మడత కుర్చీ తెచ్చి నిచ్చెన మొదట్లో వేసి, హోస్ కొస తీసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద శాలువా కప్పి కూర్చుంది. ఇంతలో ఆవిడ బాస్ నుంచి ఫోన్. మేనేజరే అతనికి ఫిర్యాదు చేసినట్టున్నాడు. బాస్ అరుపులు మా దాకా వినిపిస్తున్నాయి. కస్టమర్ ఏం చెప్తే అది చెయ్యి, ఈ ప్లాంటు పోతే మన కంపెనీలో సగం పని పోతుంది, లేవకపోతే నీ ఉద్యోగం ఉండదు. అంతా శ్రద్ధగా విని, "సాయంత్రం తీసెయ్యండి. ఇప్పుడు ఖాళీ లేదు" అని ఫోన్ జేబులో వేసుకుంది.

శ్రీకాంత్ ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చాడు. "ఆంటీ, మీ కొలువు పోతదేమో. నేను చెప్పిన ముచ్చటే గదా ఇది. ఇంట్ల నెయ్యి లెక్కనే అనుకున్న."

"నెయ్యి లాంటిదే బాబూ, తప్పేం లేదు, నాకూ మొదట అలాగే తోచింది" అంది ఆవిడ. అంత కోపంలోంచి అంత మెత్తగా ఎలా మాట్లాడిందో! "కానీ నెయ్యిలో మందుండదు. ఇందులో ఉంది. ఈ ఆసిడ్ ఊరికే ఉండేది కాదు. తనలో తను అల్లుకుపోయి, వేడెక్కిపోయి, తొట్టి పగలగొట్టుకుని పోయే రకం. అందుకని కాస్త మందు కలిపి నిద్రపుచ్చి పంపుతారు. ఇది పేరుకునేటప్పుడు మందు గడ్డలోకి వెళ్లదు, తేటలోనే ఉండిపోతుంది. నువ్వు తేట వంచేశావనుకో, మందంతా పోయింది. మిగిలిన గడ్డని కరగబెట్టావా, నిద్ర లేస్తుంది. లేచిందంటే ఇక్కడ నువ్వు లేవు, నేను లేను, ఈ డాక్ లేదు."

మేనేజరుకి నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం కూడా కాదు, ఆగిపోబోయే లైన్ తప్ప ఆయనకి ఇంకేమీ కనిపించడం లేదు.

"ఏమే, చూస్తావేం?" అని ఆవిడ నా మీద పడింది. "నీకు ల్యాబ్ ఎందుకిచ్చారు? తేట ఒక సీసా తియ్యి, గడ్డ ఒక సీసా తియ్యి. రెండిట్లో మందు ఎంతుందో చూసి చెప్పు. అందాకా నేను లేవను."

నా ఉద్యోగంలో అంత ఆత్రంగా ఏ పరీక్షా చెయ్యలేదు. మంచులో సీసాలు గుండెలకి హత్తుకుని పరుగు. గోరంత గడ్డని గోరువెచ్చటి నీళ్లలో నిదానంగా కరగనిచ్చి, రెండు శాంపిళ్లూ మిషన్‌కి ఎక్కించాను. అది గీత గీస్తుంటే గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. తేటది ముందు వచ్చింది. మందు ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. ఆ తర్వాత గడ్డది. గీత నేల మీదనే పాకుతోంది, లేవడం లేదు. ఇంకా లేవడం లేదు. అయిపోయింది. ఇక కాగితం చింపుకుని కోటు కూడా మర్చిపోయి పరిగెత్తాను. డాక్ అవతల నుంచే అరిచాను.

"అక్కా! గడ్డలో లేదు! లేదక్కా!"

మేనేజరు కాగితం తీసుకుని చూశాడు. మళ్లీ చూశాడు. హార్డ్ హ్యాట్ తీసి తల గోక్కున్నాడు. పైపు వేసి ఉంటే ఏమయ్యేది అని అడిగాడు ఆవిడనే, చిన్న గొంతుతో.

"ఇలా అడగడానికి నువ్వుండేవాడివి కాదు" అంది. కుర్చీలోంచి అప్పుడు లేచింది.

లైన్ ఆగిపోయింది. మేనేజరే ఎవరెవరికో ఫోన్లు చేసి, బండిని బయట పెట్టించింది తనేనని కూడా చెప్పుకున్నాడు, అది ఆయన మంచితనం. షెడ్‌లో ఉన్న బండిని బయటికి తీయించి దీన్ని లోపలికి నడిపించాం. తొందరగా అవుతుందని ఒకతను ఆవిరి గొట్టం ఈడ్చుకొస్తుంటే ఆవిడ వేసిన కేకకి అతను గొట్టం అక్కడే వదిలేశాడు. ఆవిరి కాదు. ట్యాంకర్ చుట్టూ ఉన్న గొట్టాల్లో నీళ్లు, అవి కూడా పసిపిల్లకి పోసేంత వెచ్చన, అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువ వద్దు. లోపలి సరుకుని పంపుతో తోడి మళ్లీ అందులోనే పొయ్యడం, మందు అంతటా కలిసేలా. అలా ఆ రోజు సాయంత్రమైంది, మర్నాడు తెల్లవారింది, మధ్యాహ్నం అయ్యేదాకా కరుగుతూనే ఉంది. ఆవిడ క్యాంటీన్ సోఫాలో కాస్త నడుము వాల్చడం, లేవడం, వచ్చి ట్యాంకర్‌ని చేతి వెనక వైపుతో తాకడం. శాండ్‌విచ్ తెచ్చిస్తే నా మీద కోప్పడింది. టీ మాత్రం తాగుతూ ఉంది.

చివరికి నేను శాంపిల్ తీశాను. పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి, మూడూ ఒకటే. సరే అన్నాను. హోస్ తగిలించారు. పంపు రొద మారి, సరుకు మా తొట్టిలోకి పడటం మొదలైన చప్పుడు విని తెల్లగడ్డం డ్రైవర్ హారన్ కొట్టాడు. శ్రీకాంత్ ఈల వేశాడు. నేను, సిగ్గులేకుండా చెబుతున్నాను, గెంతులు వేశాను. ఆవిడ మాత్రం ఆఖరు చుక్క దాకా కదల్లేదు. డ్రైవర్ "ఎంప్టీ!" అని అరిచాకే, "దిగింది!" అని రెండు చేతులూ ఎత్తి, శాలువా గాల్లోకి విసిరేసింది.

"ఇప్పుడు ఆకలేస్తోందే" అంది.

వ్యాన్‌లోంచి డబ్బా తెచ్చాం. నిన్నటి నుంచి అక్కడే ఉంది. మూత తీస్తే పెరుగన్నం రాయి అయిపోయి ఉంది, దానిమ్మ గింజలతో సహా. ఆవిడా నేనూ శ్రీకాంతూ దాన్ని చూసి ఒకటే నవ్వు. క్యాంటీన్ మైక్రోవేవ్ వైపు నేను అడుగు వేశానో లేదో, "ఏయ్! గోరువెచ్చటి నీళ్లు!" అని గర్జించింది. సరే, గిన్నెలో వెచ్చటి నీళ్లు పోసి అందులో డబ్బా దించాం. బాలింత పథ్యమే. కాసేపటికి సగం కరిగి, అంచుల వెంట నీళ్లు తేరాయి. శ్రీకాంత్ పాపం మంచి మనసుతో, "గీ నీళ్లు పారబోస్త ఆంటీ, అన్నం గట్టిగుంటది" అని డబ్బా సింకు మీదికి వంచబోయాడు.

"తేట వంచొద్దు!"

వాడు ఎగిరిపడ్డాడు. డబ్బా చేతిలోంచి ఎగిరింది, నేను పట్టుకున్నాను. క్యాంటీన్‌లో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. తెల్లగడ్డం డ్రైవర్ టేబుల్ మీద చరుస్తూ "టేటా వాంచొడ్డు! టేటా వాంచొడ్డు!" అని నవ్వుతూ అందుకున్నాడు. ఆ మాట ఇంగ్లీషు నోట పడటం అదే మొదలు. ఆవిడ ఆ డబ్బాలోది అంతా కలిపి, చుక్క వదలకుండా, మూడు ముద్దలు మాకు పెట్టి మిగతాది తనే తింది. ఉప్పు రెండింతలుంది. అంత రుచైన పెరుగన్నం నేను మళ్లీ తినలేదు.

ఉద్యోగం పోలేదు. మా మేనేజరే ఆవిడ బాస్‌కి ఫోన్ చేసి, మా ప్లాంటుకి వచ్చే ప్రతి బండీ ఈవిడే పంపాలన్నాడు. ఆ పొగరుతో ఆవిడ తన డ్రైవర్లందరికీ ఆ మాట నేర్పింది. హోస్ తగిలించే ముందు ఫోన్ చెయ్యాలి, ఆ మాట అనాలి, అంటేనే తగిలించాలి. పలకడం రాకపోతే మళ్లీ అనిపించేది. ఒకాయన విసుక్కుని అర్థమేమిటని అడిగితే, ముందు అను, తర్వాత చెప్తాను అందట. చాలామందికి తర్వాత కూడా చెప్పినట్టు లేదు.

రిటైరయ్యాక ఫ్రిస్కో వెళ్లింది. "ఇక్కడ చలే లేదే, ఇదేం బతుకే" అని ప్రతి వారం ఏడుపు. ఒక ఏడాది టెక్సస్ కూడా గడ్డకట్టింది చూశారా, ఆ రోజు వచ్చిన ఫోన్‌లో ఆవిడ సంబరం చెప్పలేను. కరెంటు లేదు, నీళ్ల పైపులు పగులుతున్నాయి, ఆవిడ మాత్రం ఎర్ర మంకీ క్యాప్ పెట్టుకుని ఇంటింటికీ తిరిగి కుళాయిలు సన్నగా వదిలిపెట్టండని, పైపులకి దుప్పట్లు చుట్టండని చెబుతోంది. "వీధి మొత్తం బాలింతలేనే! ఒక్కదాన్ని ఎన్నింటినని చూసుకోను!" అని అరుస్తోంది. ఆవిడ గొంతు అంత పడుచుగా అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఇదంతా ఆ కుర్రాడికి ముక్కలు ముక్కలుగా చెప్పాను, మొన్న, అతని సరుకు దిగుతున్నంతసేపూ. నోరు తెరుచుకుని విన్నాడు. అర్థం కూడా చెప్పాను. సగం కరిగినదాంట్లోంచి తేటని తీసేసుకోవద్దని, గడ్డతో సహా అంతా కలిసేదాకా ఆగమని. వాడు తల ఊపి, పెదాలతోనే మరోసారి ఆ మాట అనుకున్నాడు.

"ఆవిడ ఇంకా పనిచేస్తోందా మ్యామ్?" అని అడిగాడు.

"నీ చేత చేయిస్తోంది కదా" అన్నాను.

కాసేపటికి పంపు ఆగింది. వాడు హోస్ విప్పి, బొటనవేలు పైకెత్తి, "ఎంప్టీ, మ్యామ్!" అని కేక వేశాడు. బండి గేటు దాటేదాకా చూసి, ల్యాబ్‌లోకి వచ్చి నా డబ్బా తెరిచాను. పెరుగన్నం. ఈ అలవాటు నాకెప్పుడు పట్టుకుందో నేను గమనించనే లేదు. బండి దిగింది. ముద్ద మాత్రం చాలాసేపటి దాకా దిగలేదు.